పేరంటాలు గోడ

వస్తారో రారో. పొద్దున్నే వచ్చేస్తామని పంచాయితీ గుమాస్తా నిన్న బుర్రూపేడు గానీ, పొద్దున్నే అంటే పొద్దున్నే వచ్చినవాడు ఈ గజపతినగరంలో ఎవడున్నాడు గనక? పొద్దు పైకెక్కింది, ఉప్పు బస్తా నీడ గుమ్మంలోకి ముడుచుకుపోయింది, సాలూరు బస్సు వెళ్ళింది, బొబ్బిలి బస్సు వెళ్ళింది, సున్నం బాల్చీ పట్టుకున్న మనిషి మాత్రం ఎక్కడా కంటికి ఆనడం లేదు. కన్యాకుమారి, కొట్లో బెల్లం దిమ్మల పక్కన పీటేసుకుని, చింతపండులో గింజలు ఏరుతున్నట్టు చేతులాడిస్తూ, రోడ్డుకి అవతలి గోడని చూడకుండా చూస్తోంది. చూడకుండా చూడడం ఆవిడకి ఈమధ్యనే పట్టుబడింది. తిన్నగా చూస్తే అవతలున్నది కూడా తిన్నగా చూస్తాది మరి. అవతలున్నది ఆవిడే. మనిషికి ఒకటిన్నర రెట్లెత్తు మనిషి, ఒక చేత్తో తక్కెడ ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో పమిట చెంగు మొఖం దగ్గరకి తెచ్చుకుని, నుదుటి మీద రూపాయి కాసంత కుంకంతో, పాదాల నిండా పసుపుతో, పాదాల ముందు పగిలిన కొబ్బరి చిప్పలతో, కన్యాకుమారి. ఇవాళ ఆ బొమ్మని చెరిపేస్తారు. చెరిపెయ్యమని పంచాయితీ చుట్టూ తిరిగి అడిగింది ఈవిడే. రాయగడ లారీ ఒకటి అడ్డంగా వచ్చి, కాసేపు గోడని మాయం చేసి పోయింది. ఉంది, ఇంకా అక్కడే ఉంది.

గల్లా దగ్గర మొగుడు జగన్నాధం పేపరు చదువుతున్నాడు. చదవడం లేదు. పేజీ తిప్పి ఎంతసేపైంది? నిన్న రాత్రి అన్నం దగ్గర, రేపు వచ్చి సున్నం కొడతారట అని ఈవిడ అంటే, అలాగా అన్నాడు. అలాగా! పెళ్ళాం బొమ్మని ఊరు ఊరంతా అమ్మోరిని చేసి కాయలు కొడుతుంటే, దాన్ని చెరిపెయ్యడానికి మనుషులొస్తున్నారంటే, అలాగా అనే మొగుడు ఏ దేశంలోనైనా ఉంటాడా? మనసులో ఏదో పెట్టుకుంటే తప్ప. ఈయనే కబురెట్టి వాళ్ళని ఆపేడేమో. పొద్దున్న టీ తాగొస్తానని వెళ్ళినవాడు టీ తాగి రావలసినంత సేపట్లో రాలేదు. లోపల గదిలో కొబ్బరికాయల గోనెలు చూడు, కప్పు తన్నుకుంటున్నాయి. కర్పూరం పెట్టెలు, అగరొత్తుల కట్టలు, పసుపు, కుంకం. గోడకి కొనేవాళ్ళ కోసం రంగు కలిపిన సవక కుంకం కూడా తెప్పించేడు, దగ్గరికి తీసుకుంటే కిరసనాయిలు వాసనేస్తాది. ఇంతకు ముందు ఈ కొట్టు కందిపప్పుకీ చింతపండుకీ పేరు. ఇప్పుడు అమ్మోరి సామాన్ల కొట్టు. ఆ అమ్మోరేమో చింతపండులో గింజలేరుకుంటూ కూర్చుంది.

ఆ పిల్లదే తప్పు, ఆ సింధూరిది. కాదులే, దాని తప్పేటుంది. శివరాత్రి వెళ్ళేక, ఊళ్ళు శుభ్రంగా ఉంచాలని పైనుంచి ఏదో పథకం వచ్చి, గోడలకి బొమ్మలెయ్యమని విశాఖపట్నం నుంచి బొమ్మల కాలేజీ పిల్లల్ని పంపేరు. సింధూరి అనే బక్కపిల్ల పంచాయితీ పాత గిడ్డంగి గోడ ఎంచుకుంది. ఆ రోజు కరెంటు లేదు, కరెంటు కాటా పనిచెయ్యక కన్యాకుమారి అటక మీది పాత తక్కెడ దింపింది. సంత రోజు, జనం మీద పడిపోతున్నారు, చెమటలు ధారలు. ఫోటో తియ్యనా ఆంటీ అంది పిల్ల. తియ్యి, దానికేటి, అంది ఈవిడ. ఫోటో అంటే ఏటి, కాయితం ముక్క, ఏ పెట్టెలోనో పడుంటాది అనుకుంది. మర్నాటికి గోడ మీద తల లేచింది. ఆ మర్నాటికి భుజాలు. ఈవిడకి సిగ్గూ, గర్వం, భయం, ఏది ముందో తెలియలేదు. పుట్టి బుద్ధెరిగేక తనని అంతసేపు, అంత శ్రద్ధగా చూసినవాళ్ళు లేరు. నౌపడలో నాన్న ఉప్పు మళ్ళ గట్టు మీద నడిచేటప్పుడు వెనక్కి తిరిగి, వస్తన్నావా అనడిగేవాడు గానీ చూసేవాడు కాదు. ఎండకి తెల్లగా మెరిసిపోయే ఆ ఉప్పు కుప్పల్ని చూసేవాడు. పెళ్ళిచూపుల్లో అత్తగారు పళ్ళు చూసింది, జగన్నాధం అయితే నేల చూసేడు. బొమ్మ అయిపోయిన రోజున చుట్టుపక్కల కొట్లవాళ్ళందరూ వచ్చి, అచ్చంగా నువ్వేనమ్మా, నోరొక్కటే లేదు అని నవ్వేరు. తోటికోడలు ధనలక్ష్మి మాత్రం బుగ్గ నొక్కుకుని, "అక్కా, బొట్టేదే? బోసి నుదురేటి, శుభమా అంటూ" అంది. నిజమే, నుదురు ఖాళీగా ఉంది. సంత రోజు చెమటకి ఏ ఆడదాని బొట్టు నిలుస్తాదే అని ఈవిడ తేలిగ్గా తీసిపారేసింది. అప్పుడు జగన్నాధం పక్కనే ఉన్నాడు. ఏమీ అనకుండా కొట్లోకి వెళ్ళిపోయేడు. ఎందుకు వెళ్ళిపోయేడు? ఆ వెళ్ళిపోవడం ఇన్నాళ్ళకి ఇప్పుడు గుర్తొచ్చి గుచ్చుకుంటోంది.

ఎండలు ముదిరేక కడుపులో నొప్పి. గర్భసంచి తీసెయ్యాలన్నారు. విశాఖపట్నంలో పెద్దాసుపత్రి, పచ్చరంగు గుడ్డలు, పక్క మంచం ముసల్దాని మూలుగు. తీసేసిన తరవాత చీము పట్టింది, జ్వరం దిగలేదు, ఒకరాత్రి డాక్టరు ముఖం తిప్పుకున్నాడని తరవాత ధనలక్ష్మే చెప్పింది. ఆ ధనలక్ష్మే మంచం పక్కన కూర్చుని, ఒంటి మీద బంగారం ఆసుపత్రిలో ఎందుకక్కా, నాకిచ్చీ, దాస్తాను అంది. ఇచ్చింది. తిరిగిచ్చిందనుకో. ఇచ్చినా ఆ అడగడంలో ఏదో ఉంది. జగన్నాధం వచ్చేవాడు, పోయేవాడు, బత్తాయిలు తెచ్చేవాడు, ఏమీ మాట్లాడేవాడు కాదు. తరవాత నౌపడలో అన్నయ్య ఇంట్లో విశ్రాంతి. కిటికీలోంచి అవే ఉప్పు మళ్ళు, అదే తెలుపు. తనలోంచి ఏదో తీసేసేరు, తీసేసిన చోట ఏముంటాది, ఖాళీ ఉంటాదా, పూడిపోతాదా? ఎవరినీ అడగలేదు. ఆషాఢంలో తిరిగొచ్చింది. బస్సు దిగి, కొట్టు వైపు రాబోతూ, గోడ కేసి చూసింది. తన పాదాలకి పసుపు. తన నుదుట బొట్టు. తన ముందు దీపం, పూలు, ఎవరో పెట్టిన రవికె గుడ్డ.

ముందు అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. మొగుడు బతికుండగా పసుపు కుంకాలతో పోయిన ఆడదాన్ని ఈ పక్క పేరంటాలంటారు. రాయి పాతుతారు, చీర పెడతారు, పిల్లలు పుట్టాలని మొక్కుతారు. పోతేనే పేరంటాలు. ఎంత మంచిదైనా ఉన్నదానికి ఎవరూ పసుపు రాయరు. ఆ క్షణంలోనే పార్వతీపురం పక్క నుంచి వచ్చిన ఒక ఆడమనిషి గోడకి దణ్ణం పెట్టి ఇటు తిరిగి, సంచీ పట్టుకు నిలబడ్డ కన్యాకుమారిని చూసి, కెవ్వుమని అరిచి కూలబడిపోయింది. నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచి, మళ్ళీ ఈవిడ మొఖమే పైన కనిపించి మళ్ళీ పడిపోయింది. ఊరివాళ్ళకి ఈవిడ ఉన్నట్టు తెలియదా అంటే, తెలుసు. తెలిసి, పోయి తిరిగొచ్చింది, మహిమ గల మనిషి అన్నారు. గోడ పక్కన పూలమ్ముకునే మరిడమ్మే ముందు అన్నదట. నవ్వుకోవలసిన సంగతే. నవ్వుతూనే గడిపేద్దామనుకుంది కూడా.

కానీ నవ్వు ఎన్నాళ్ళు నిలుస్తాది. కొట్లోకి వచ్చినవాళ్ళు బేరమాడడం మానేసేరు. ఉప్పు పొట్లం రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంటున్నారు. మినప్పప్పులో రాళ్ళున్నాయని కొట్టు మీద దండెత్తే వెనకవీధి నీలవేణి, రాళ్ళున్నా నవ్వుతూ పట్టుకుపోతోంది. ఎవరి మీదైనా గొంతు లేపితే చాలు, వాళ్ళు బిక్కచచ్చిపోయి, తల్లీ శపించకు అని దణ్ణాలు. తిట్టడానికి లేదు, తిట్టించుకోడానికి లేదు. మనిషన్నాక ఎవరితోనైనా రోజుకొకసారి నోరు పారేసుకోకపోతే బతుకుతున్నట్టెలా తెలుస్తాది? శ్రావణమాసం వచ్చింది. వీధిలో ఇంటింటా పేరంటాలు పిలుచుకున్నారు, శనగలూ తాంబూలాలూ పంచుకున్నారు. ఈవిడ పట్టుచీర కట్టుకుని, తల దువ్వుకుని, గుమ్మంలో కూర్చుంది. ఎవరూ పిలవలేదు. తరవాత నీలవేణిని అడిగితే నసిగి, "పేరంటాలికి పేరంటమేటి పిన్నీ, గోడ కాడికెళ్ళి నీకు ముందుగానే ఇచ్చీసేం కదా" అంది. ఆ సాయంత్రం కన్యాకుమారి పట్టుచీర విప్పకుండానే పడుకుని ఏడిచింది. పెద్దాసుపత్రిలో కూడా అలా ఏడవలేదు. చచ్చిపోతే ఇలాగే ఉంటాది కాబోలు, అందరూ మంచిగా ఉంటారు, ఒక్కరూ పిలవరు.

అందుకే, ఎవరు మొదలెట్టేరు? అదొక్కటి తెలియాలి. పాదాలకి పసుపు ఎవరైనా రాయొచ్చు, చేతికందుతాయి. నుదురందదు. బొమ్మ నుదురు మనిషి చెయ్యెత్తితే కూడా అందని ఎత్తున ఉంది. ఏదైనా ఎక్కాలి. ధనలక్ష్మా? దానికి మోకాళ్ళ నొప్పులు, అరుగెక్కడానికే అరగంట. మరిడమ్మా? కూర్చున్న చోటునుంచి లేవదు. మొన్న కొట్లో ఇనప స్టూలు తుడుస్తుంటే, అంచు కింద, వేలితో పట్టుకునే చోట, ఎండిపోయిన ఎర్రటి మరకలు కనిపించేయి. ముందు తుప్పనుకుంది. తడి చేసి గోకి చూస్తే కుంకం. ఆ స్టూలు గుమ్మం దాటి ఎవరికీ ఇవ్వడు జగన్నాధం, పక్క కొట్టువాడడిగితేనే ఇవ్వడు. అంటే ఈయనే. నేనక్కడ జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉంటే, ఈయన ఇక్కడ స్టూలేసుకుని, నేను పోయినట్టు నాకు బొట్టెట్టి, కొబ్బరికాయలకి ఆర్డరిచ్చేడు. ఇన్నేళ్ళు కాపురం చేసి, ఒక మాట ఎక్కువ లేదు, ఒక మాట తక్కువ లేదు, చివరికి ఇదా? అడిగేస్తే సరిపోను. అడగలేదు. అడిగితే అవునంటాడేమోనని భయం. పక్కలో పడుకుని వీపు కేసి చూస్తూ, ఈ వీపులో ఏముంది అని అనుకున్న రాత్రులున్నాయి.

పంచాయితీలో కార్యదర్శి, గోడ మాదమ్మా, బొమ్మ పథకం డబ్బుతో వేయించింది, మీ ఒక్కరి మాట మీద ఎలా చెరిపేస్తాం అన్నాడు. అక్కడే కూర్చున్న కాలేజీ మాస్టారొకాయన, కళని చెరపడం పాపమని ఉపన్యాసం ఎత్తుకున్నాడు. గోడ వీళ్ళది, బొమ్మ ఆ పిల్లది, బొట్టు జనానిది, పుణ్యం మాస్టారిది. మొఖం మాత్రం నాదని ఒక్కడికీ తోచలేదు. గోడ మీదే అయితే ఉంచుకోండి, మొఖం నాది, ఇక్కడుంది చూసుకోండి అని బల్ల మీద చెయ్యేసి చెప్పింది. కార్యదర్శి కదల్లేదు. గోడ ముందర రేకుల షెడ్డెయ్యడానికి చందాలు మొదలయ్యేయని తెలిసేక కదిలేడు. షెడ్డు లేస్తే గిడ్డంగీ స్థలమూ రెండూ పోతాయి మరి. సింధూరికి ఫోను చేసి చెప్పింది, చెప్పకుండా చెరిపితే తప్పనిపించింది. అవతల ఆ పిల్ల, "మీ మొఖం ఆంటీ, మీ ఇష్టం. నాకు ఏడుపొస్తోంది గానీ మీ ఇష్టమే" అంది. మళ్ళీ, "మీరు ఎప్పుడైనా బాగా దగ్గరికెళ్ళి చూసేరా?" అనడిగింది. ఎందుకడిగింది? దగ్గర ఏముంది? అదొక అనుమానం ఇప్పుడు. పసుపు నీళ్ళ బురద తొక్కుకుంటూ తన ముందుకి తనే వెళ్ళి నిలబడాలంటే ఒళ్ళు జలదరించి, ఎప్పుడూ వెళ్ళలేదు.

అదిగో. సైకిలు వెనక నిచ్చెన కట్టుకుని, హేండిలుకి బాల్చీ తగిలించుకుని ఉపేంద్ర వచ్చేడు. పంచాయితీకి సున్నాలు కొట్టేది అతనే. సైకిలు ఇంకా నిలబెట్టలేదు, ఎవరు చెప్పేరో ఏమో, ఆడవాళ్ళు పోగైపోయేరు. మరిడమ్మ పూలబుట్ట పక్కన పెట్టి, అప్పుడే ఈ కొట్లోనే కొన్న కొబ్బరికాయ పొట్టకి హత్తుకుని నిలబడింది. ఉపేంద్ర ఇటు వైపు చూసి, "షావుకారమ్మా, నన్నేటీ అనుకోవద్దు. కాళ్ళకాడ నుంచి కొట్టుకొస్తాను, మొఖం మటుకు నాను ముట్టను" అన్నాడు. సరే, ముందు కొట్టు, అంది కన్యాకుమారి గుమ్మంలోంచి. తనకే మళ్ళీ ఆపరేషను చేస్తున్నట్టుంది. జగన్నాధం పేపరు మడిచేడు. లేచేడు. ఎందుకు లేచేడు? ఆపుతాడా? ఆపితే అందరి ముందూ అడిగేస్తుంది, ఇవాళ వదలదు. ఉపేంద్ర కుంచె ముంచి, తీసి, పసుపు ముద్దలు కట్టిన పాదాల మీద అడ్డంగా ఒక్క వేటు వేసేడు.

గోడ ఎర్రబడింది. తెల్లటి సున్నం పడ్డచోట పడ్డట్టు ఎర్రగా, చిక్కగా, నెత్తురులా బొమ్మ కాలివేళ్ళ సందుల్లోంచి జారి నేల మీదకి కారింది. ఉపేంద్ర కుంచె వదిలేసి వెనక్కి పడ్డాడు. ఆడవాళ్ళ కేకలు బస్టాండు దాకా వినిపించి ఉంటాయి. అమ్మోరికి కోపం వచ్చింది, నెత్తురు కక్కుతోంది, ఊరు మాడిపోతాది! కన్యాకుమారి నోరు తెరిచేలోగా పక్కనుంచి ఎవరో తోసుకుంటూ రోడ్డు దాటేడు. ఆటో ఒకటి కీచుమని ఆగింది. జగన్నాధం. గోడ ముందు ఆ ఎర్రటి బురదలో రెండు మోకాళ్ళ మీదా పడి, చేతులు రెండూ ఎత్తి, బొమ్మ కేసి చూస్తూ గొల్లుమన్నాడు. "నేనేనమ్మా! బొట్టు పెట్టింది నేనే! తప్పు నాది. నన్నేటన్నా సెయ్యి తల్లీ, దాన్నేటీ సెయ్యకు. దాని జోలికెళ్ళకు!"

కన్యాకుమారి వెనకే వెళ్ళి నిలబడింది. "ఎవులికి మొక్కుతున్నారు? నేనిక్కడున్నాను. లెగండి" అంది. ఆయన తిరిగి చూసేడు. ఒకసారి ఈవిడనీ ఒకసారి గోడనీ చూసేడు, ఎవరికి జవాబు చెప్పాలో తేలనట్టు. "ఎందుకెట్టేరు?" అంది. ఇన్నాళ్ళు గొంతులో ముల్లులా ఉన్న మాట ఇట్టే వచ్చేసింది. "నువ్వు పెద్దాసుపత్రిలో ఉన్నావు. ఇక్కడ కొట్టు తీస్తే, ఎదరగా నువ్వు, బొట్టు లేకుండా. నేను పోయినట్టే కదే అది. రోజూ పొద్దున్న తలుపు తీసీసరికి నేను సచ్చిపోయి, నువ్వు బోసి నుదురుతో నిలబడి నా కొట్టేపు సూస్తన్నావు. మరి అక్కడ సూస్తే నువ్వు ఉంటావో పోతావో తెలీదు. ఎవులు పోతారో తెలవక బుర్ర సెడిపోయింది. ఓపలేక స్టూలెక్కి బొట్టెట్టీసేను. దిగి దణ్ణం కూడా ఎట్టేను. మరిడమ్మ సూసి, పోయిందా బాబూ అనడిగింది." "మీరేటన్నారు?" "ఏటీ అనలేదు. తలూపేను కాబోలు." "మరి కొబ్బరికాయలో?" జగన్నాధం ముక్కు చీదుకుని, "జనం వచ్చి అడిగితే లేవంటావేటే? కొట్టన్నాక" అన్నాడు.

చెంప పగలగొడదామనిపించింది. నవ్వొచ్చింది. ఏడుపొచ్చింది. ఒక తలూపుతో పెళ్ళాన్ని చంపేసి, నాలుగు నెలలు నోరు కట్టేసుకుని, ఆ పక్కనే కర్పూరం అమ్ముకున్న మహానుభావుడు. అయినా పెట్టింది ఎవరి కోసం, నా కోసమా, తన కోసమా? నేను పోతానని కాదు, తను పోయినట్టు కనబడుతోందని పెట్టేడు. అదీ అనుమానమే, దాన్ని తరవాత తీరుబడిగా చూసుకోవాలి. ముందీ ఏడుపులు ఆగాలి. "నోర్ముయ్యండే అందరూ!" అని అరిచింది. వంగి, ఆ ఎర్రటి తడి వేలికి తీసి ఎత్తి చూపించింది. "మీ పిల్లలకి దిష్టి తియ్యరేటే? పసుపు నీళ్ళల్లో సున్నం కలపరేటే? ఇది నెత్తురట! ఏ ఇంట్లో కలపరు ఎర్రనీళ్ళు, సెప్పండి? నేను మాత్రం, పసుపూ సున్నమూ రెండూ అమ్ముతాను, నాకూ తట్టలేదు సూడు." నీలవేణి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది, దాని భుజాలు ఊగడం మొదలెట్టేయి. నా ఒంటినిండా దిష్టినీళ్ళే పోసేరు, ఇక నాకేటి భయం అనుకుంది కన్యాకుమారి.

స్టూలు తెమ్మంది. జగన్నాధం తెచ్చేడు, ఆ స్టూలే. ఎక్కింది, పొట్ట మీద కుట్లు పడ్డచోట చురుక్కుమంది. ఉపేంద్ర కుంచె అందించేడు. మొదటిసారి తన మొఖానికి ఇంత దగ్గరగా తను. కంటి కింద నలుపు వేసింది ఆ పిల్ల. ముక్కుపుడక పక్కన చిన్న పొక్కు, అది ఉండేది, నిజమే. పై పెదవి మీద చెమట చుక్కలు, ఒక్కొక్కటీ విడివిడిగా. మొఖం దగ్గరకి తెచ్చుకున్న పమిట చెంగు చూసింది. చెంగు మీద, మడతలో, ఎర్రటి మరక. బొట్టు. చెమట తుడుచుకుంటే నుదుటి మీదనుంచి చెంగుకి అంటుకున్న బొట్టు. కింద నుంచి చూసినవాళ్ళెవరికీ కనబడదు. బొట్టు లేకుండా వెయ్యలేదు ఆ పిల్ల. బొట్టు అప్పుడే ఎక్కడికి వెళ్ళిందో అక్కడే వేసింది. ఇంతమంది పసుపు రాసేరు, హారతిచ్చేరు, మొగుడు స్టూలెక్కి బొట్టు పెట్టేడు, ఒక్కరూ చూడలేదు. చూసింది ఆ పైఊరి బక్కపిల్ల ఒక్కర్తే. కన్యాకుమారికి కళ్ళు నిండిపోయేయి. దీన్ని చెరపడం తప్పా? తప్పేనేమో. ఇంత బాగున్నదాన్ని చెరిపితే ఉసురు తగులుతాదేమో. కానీ ఇది ఇలా ఉంటే కింద ఉన్నది ఉండదు. బాగుంది, బాగున్నా సరే. చెంగు మరకని ఒకసారి వేలితో తాకి, కుంచె ఎత్తింది.

"బొట్టు మీద కూడా ఏస్తావేటే?" అన్నాడు స్టూలు పట్టుకున్న జగన్నాధం, గొంతు సన్నగా చేసి. "ఏస్తాను. నేనుండగా మీకు గోడ మీద నుదురు దేనికి?" అని నుదురు, కళ్ళు, ముక్కుపుడక, చెమట చుక్కలు, చెంగు, అన్నిటి మీదా సున్నం వేసేసింది. తడి సున్నంలోంచి మొఖం ఇంకా లీలగా కనబడుతూనే ఉంది. ఆరితే తెల్లబడుతుంది, ఉప్పు మడిలాగే. దిగింది. మొఖమంతా చెమటా సున్నం తుంపర్లూను, చెంగుతో తుడుచుకుంది. జగన్నాధం ఆవిడ నుదురు చూసి, చెంగు చూసి, కొట్లోకి పరిగెట్టేడు. వేలి కొసన కుంకంతో వచ్చి, అంత జనంలో, సిగ్గు లేకుండా, ఆవిడ నుదుట పెట్టేడు. ఏ డబ్బాలోది ఇది? గోడకి అమ్మే సవక రకం గాని కాదు కదా? ఆయన చెయ్యి పట్టుకుని వేలు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. కిరసనాయిలు వాసన లేదు. పసుపు వాసన. దేవుడి గూట్లోదే. పోన్లే అనుకుంది.

అందరూ తడి గోడ కేసి చూస్తూ నిలబడ్డారు. మరిడమ్మ చేతిలో కొబ్బరికాయ అలాగే ఉంది. గోడని చూసింది, కాయని చూసింది, కన్యాకుమారి దగ్గరకొచ్చి, "మరి దీన్నేటి సెయ్యమంటావు? కాయ ఎనక్కి తీసుకో" అంది. "అమ్మిన సరుకు ఎనక్కి తీసుకోం. పట్టుకెళ్ళి పచ్చడి సేసుకో" అంది కన్యాకుమారి. మరిడమ్మ కాయని చెవి దగ్గర పెట్టి ఆడించింది. మొఖం చిట్లించింది. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుంది. "పచ్చడా? ఇందులో నీళ్ళే లేవు! కుళ్ళు కాయ అంటగట్టీసి, పైనుంచి కబుర్లు సెప్తన్నావేటే? మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి ఊరిని దోసుకోడానికి కూసున్నారేటి?" అని రోడ్డంతా వినబడేలా అరిచింది.

కన్యాకుమారికి ప్రాణం లేచొచ్చింది. చెంగు నడుంలో దోపుకుని, "ఎవులే కుళ్ళు కాయ అమ్మింది!" అంటూ ముందుకొచ్చింది.